3 రోజులు, 60 మైళ్ళు: కోమెన్ 3-డే నడకలో వాలంటీరుగా వెళ్ళేవాళ్ళ ప్రశ్నలు

శాన్ డియాగోలో నవంబర్ దగ్గర పడుతోందంటే చాలు, మన తెలుగువాళ్ళ నుంచి నాకు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. కొందరు వెళ్దామని నిర్ణయించుకుని అడుగుతారు, కొందరు వెళ్ళాలని ఉండి కూడా ఎందుకో వెనకాడుతూ అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను చాలాకాలంగా ఈ నడకలో క్రూగా, అంటే నడిచేవాళ్ళకి కావలసినవన్నీ చూసే వాలంటీర్లలో ఒకరిగా, పనిచేస్తున్నదాన్ని, అంతేగానీ నిర్వాహకుల తరఫు మనిషిని కాదు. ఫీజులు, వయసు నిబంధనలు, రూటు ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి వాటికి మాత్రం ఆ సంవత్సరం వాళ్ళిచ్చిన వివరాలే చూసుకోండి.

అసలు ఏమిటీ 3-డే?

రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే సుసాన్ జి. కోమెన్ సంస్థ నడిపే నడక. శుక్ర, శని, ఆదివారాలు, రోజుకి దాదాపు 20 మైళ్ళ చొప్పున 60 మైళ్ళు. మన లెక్కలో 96 కిలోమీటర్ల పైచిలుకు. నడిచేవాళ్ళు ఒక్కొక్కరూ కనీసం 2,300 డాలర్ల విరాళాలు పోగుచేయాలి, ఆ డబ్బు పరిశోధనకీ, వైద్యం అందని రోగుల సాయానికీ వెళ్తుంది.

సుసాన్ కోమెన్ అనే ఆవిడ 1980లో, 36 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఈ జబ్బుకి ఒక దారి వెతకడానికి చేయగలిగినదంతా చేస్తానని అక్కకి ఇచ్చిన మాట కోసం చెల్లెలు నాన్సీ బ్రింకర్ 1982లో డాలస్‌లో ఈ సంస్థ మొదలుపెట్టింది. ఆ రోజుల్లో అమెరికాలో కూడా రొమ్ము అనే మాట పేపర్లో రాయడానికి, నలుగురిలో అనడానికి మొహమాటపడేవారు. మన ఇళ్ళలో ఆ మొహమాటం ఇప్పటికీ ఉంది. దాని గురించి కింద ఇంకా రాశాను.

నేను 60 మైళ్ళు కాదు కదా, 6 మైళ్ళు కూడా నడవలేను. నాతో ఏం పని ఉంటుంది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నడవలేనివాళ్ళకి చేయడానికి చాలా పని ఉంది. వందలమంది రోజంతా నడుస్తుంటే వాళ్ళకి నీళ్ళు, తిండి, టాయిలెట్లు, మందులు, రోడ్డు దాటే చోట మనిషి, రాత్రికి గుడారం, తెల్లారి కాఫీ, ఇవన్నీ ఎవరో ఒకరు చూడాలి. ఆ ఎవరో ఒకరే క్రూ. మూడు రోజుల్లో మీరు నడిచే దూరం కొన్ని పనుల్లో చాలా తక్కువ. అలసినవాళ్ళని ఎక్కించుకునే స్వీప్ వ్యాన్ నడిపేవాళ్ళయితే రోజంతా కూర్చునే ఉంటారు. మోకాళ్ళ నొప్పులున్న ఒక ఆంటీ మా జట్టులో కుర్చీలో కూర్చునే అరటిపళ్ళు విడదీయడం, నారింజ తొనలు కోయడం, వచ్చినవాళ్ళని పలకరించడం చేసేవారు, మిగతా వాళ్ళందరికంటే ఆవిడ దగ్గరే ఎక్కువమంది ఆగేవారు.

రిజిస్ట్రేషన్‌లో మీ ఆరోగ్యం గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి. బరువులెత్తలేకపోతే ముందే చెప్పేయండి. అక్కడికొచ్చాక చెబితే జట్టు కెప్టెన్‌కి మనుషుల్ని సర్దడం కష్టమవుతుంది.

ఏమేం పనులు ఉంటాయి? ఏది ఎంచుకోవాలి?

చాలా ఉన్నాయి. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేవీ, నాకు బాగా తెలిసినవీ చెబుతాను.

పిట్ స్టాప్: కొన్ని మైళ్ళకొకటి వచ్చే మజిలీ. నీళ్ళు, స్పోర్ట్స్ డ్రింక్, చిరుతిళ్ళు, టాయిలెట్లు, పక్కనే మెడికల్ టెంట్. నడిచేవాళ్ళతో మాట్లాడే అవకాశం ఇక్కడే ఎక్కువ. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇదే తీసుకోండి అని నేను అందరికీ చెబుతాను.

గేర్ అండ్ టెంట్: లారీల్లో వచ్చిన బ్యాగులు దించి, వరసల ప్రకారం పేర్చి, గుడారాలు వేయడంలో సాయం చేసి, మర్నాడు మళ్ళీ లారీ ఎక్కించడం. నడుము గట్టిగా ఉన్నవాళ్ళకి మాత్రమే. మన కుర్రాళ్ళు నలుగురైదుగురు కలిసి వెళ్తే దీనికి మించింది లేదు.

రూట్ సేఫ్టీ: కూడళ్ళ దగ్గర, సైకిళ్ళ మీద, మోటార్‌సైకిళ్ళ మీద ఉండి నడిచేవాళ్ళని జాగ్రత్తగా దాటించేవాళ్ళు. ఇది ఆటగా తీసుకునే పని కాదు, ఎందుకో కింద చెబుతాను.

స్వీప్: అలసిపోయినవాళ్ళని, దెబ్బ తగిలినవాళ్ళని వ్యాన్‌లో ఎక్కించుకుని తర్వాతి పిట్ స్టాప్‌కో, భోజనాల దగ్గరకో, క్యాంపుకో చేర్చడం.

ఇంకా వంటశాల, క్యాంపు సేవలు, దారికి గుర్తులు కట్టేవాళ్ళు, బస్సుల దగ్గర ఉండేవాళ్ళు, మెడికల్. నడిచేవాళ్ళకి కనిపించని పనులు కూడా తీసుకోండి. చీకట్లో లేచి దారి పొడుగునా బాణం గుర్తులు కట్టుకుంటూ పోయేవాళ్ళని ఎవరూ చూడరు, కానీ ఒక్క బాణం కట్టడం మరిచిపోతే ఇరవైమంది తప్పుదారిలో అరమైలు పోతారు. పదిహేడు మైళ్ళు నడిచిన కాళ్ళకి ఆ అరమైలు ఎంత భారమో వాళ్ళ మొహం చూస్తే తెలుస్తుంది.

ఒక్క పూట వచ్చి వెళ్ళొచ్చా? శనివారం పిల్లలకి క్లాసులున్నాయి.

క్రూ అంటే మూడు రోజులూ ఉండాలి, పైగా గురువారం శిక్షణ, సర్దుడు. శుక్రవారం సెలవు పెట్టుకోవాలి, గురువారం కూడా పెట్టుకుంటే మంచిది. ఒక్క పూటే వీలవుతుందంటే దారిలో జనం నిలబడి చప్పట్లు కొట్టే చీరింగ్ స్టేషన్లు ఉంటాయి, అక్కడికి వెళ్ళండి, లేదా విరాళం ఇవ్వండి. అది తక్కువేమీ కాదు. కానీ క్రూలో పేరిచ్చి, శనివారం మధ్యాహ్నం "ఇంట్లో ఫంక్షన్ ఉంది, వెళ్ళొస్తా" అని వెళ్ళిపోవడం మాత్రం వద్దు. మీరు వెళ్ళిన చోట ఇంకో మనిషి లేడు. పదిమంది చేయాల్సిన పని తొమ్మిదిమంది చేస్తారు, ఆ ఒత్తిడి చివరికి నడిచేవాళ్ళ మీదే పడుతుంది. నా దృష్టిలో వాలంటీరుకి ఉండాల్సిన మొదటి గుణం ఉత్సాహం కాదు, చెప్పిన చోట చెప్పిన టైంకి ఉండటం.

క్రూకి కూడా డబ్బు కట్టాలా? విరాళాలు పోగుచేయాలా?

రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది. నడిచేవాళ్ళకున్నట్టు కనీస విరాళం షరతు లేదు, చేస్తే సంతోషిస్తారు. "ఉచితంగా పనిచేస్తూ ఎదురు ఫీజు కట్టడమేమిటి" అని చాలామంది అడుగుతారు. మీ భోజనం, చొక్కా, ఇన్సూరెన్స్, గుడారం వీటన్నిటికీ ఖర్చవుతుంది కదా, అది దాతలిచ్చిన డబ్బులోంచి పోకూడదనేది నాకు సబబుగానే అనిపిస్తుంది.

మీ కంపెనీలో ఒకసారి కనుక్కోండి. చాలా పెద్ద కంపెనీలు విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి, కొన్ని మీరు వాలంటీరుగా పనిచేసిన గంటలకి కూడా లెక్కగట్టి సంస్థకి డబ్బు పంపుతాయి. గంటలు రాసుకుని, కెప్టెన్ చేత ధ్రువీకరింపజేసుకుంటే సరిపోతుంది. మనవాళ్ళలో ఎక్కువమంది అలాంటి కంపెనీల్లోనే ఉండి కూడా ఆ ఫారం నింపరు.

ట్యాక్సు సంగతి: మీ సమయానికి మినహాయింపు రాదు. ఐటమైజ్ చేసేవాళ్ళయితే (మినహాయింపులు విడివిడిగా లెక్క చూపేవాళ్ళయితే) సొంత కారులో తిరిగిన దూరానికి మైలుకి 14 సెంట్లు చూపించుకోవచ్చు. మీ ట్యాక్స్ ఫైలింగ్ చేసేవారిని అడగండి.

హెచ్-4 (ఉద్యోగికి జతగా వచ్చే వీసా) మీద ఉన్నాను, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాను. వాలంటీరుగా పనిచేస్తే వీసాకి ఇబ్బందా?

ఈ టెన్షన్ చాలామందికి ఉంది. లాభాపేక్ష లేని సేవాసంస్థలో, మామూలుగా ఎవరికీ జీతం ఇవ్వని పనిని, మీరూ ఏమీ తీసుకోకుండా చేస్తే అది ఉద్యోగం కిందికి రాదు. 3-డే క్రూ పని అలాంటిదే. జీతం వచ్చే పనిని "వాలంటీర్" అని పేరు పెట్టి ఊరికే చేయించుకుంటేనే చిక్కు. అయినా మనసులో అనుమానం ఉంటే విద్యార్థులు కాలేజీలో డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని), మిగతావాళ్ళు లాయర్ని ఒక్కమాట అడిగి వెళ్ళండి. మూడు రోజులు ఆ భయంతో పనిచేయనక్కర్లేదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని చీరింగ్‌కి తీసుకురండి. క్రూలో పెట్టొద్దు.

ఇండియాలో ఎంబీబీఎస్ చేశాను, ఇక్కడ ఇంకా లైసెన్స్ రాలేదు. మెడికల్ టెంట్‌లో ఉండొచ్చా?

లేదు. మెడికల్ క్రూకి ఇక్కడ చెల్లే లైసెన్స్ కావాలి. యూఎస్‌ఎమ్ఎల్ఈకి (ఇక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్షలకి) చదువుకుంటూ ఇంట్లో ఉన్న మన డాక్టరమ్మాయిలు చాలామంది ఈ ప్రశ్న అడుగుతారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పిట్ స్టాప్‌లో మీలాంటి కళ్ళు ఎంతో అవసరం. ఎవరు తూలుతున్నారో, ఎవరి మాట తడబడుతోందో మీకు మాకంటే ముందే తెలుస్తుంది. వైద్యం చేయొద్దు, మెడికల్ టెంట్‌కి చేర్చండి.

పిట్ స్టాప్‌లో అసలు రోజు ఎలా గడుస్తుంది?

ఇంకా చీకటి ఉండగానే లేస్తారు. నవంబర్‌లో ఇక్కడ సూర్యోదయం ఆరుంబావు తర్వాతే. లారీ దగ్గర సామాను లెక్క చూసుకుని, మీ చోటికి వెళ్ళి బల్లలు వేసి, పెద్ద పెద్ద కూలర్లు నింపుతారు. పొడి కలిపే స్పోర్ట్స్ డ్రింక్ విషయంలో నేను చాలా పట్టుగా ఉంటాను: ముందు సగం నీళ్ళు, తర్వాత పొడి, బాగా కలిపాక మిగతా నీళ్ళు, చివర్న ఐసు. ముందే ఐసు వేస్తే పొడి అడుగున ముద్దకట్టి ఉండిపోతుంది, పైన ఉన్నవాళ్ళకి రంగునీళ్ళు, చివరికొచ్చేవాళ్ళకి పాకం వస్తుంది. ప్యాకెట్ మీద రాసిన కొలతే వేయాలి, "ఇంకొంచెం తియ్యగా ఉంటే బాగుంటుంది" అని చేతికొచ్చినంత వేయకూడదు. గాఢంగా ఉంటే నడిచేవాళ్ళకి కడుపులో తిప్పుతుంది.

మొదటి గంట ఒకరూ ఇద్దరూ వస్తారు. తర్వాత ఒక్కసారిగా వరద. సీసాలు చాపుతుంటారు, మీరు నింపుతుంటారు. మూతని మీ చేత్తో ముట్టుకోకండి, వాళ్ళనే తీయమనండి. కూలర్ కుళాయి సీసా అంచుకి తగలకుండా చూడండి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ క్యాంపులో ఒకరికి వాంతులు పట్టుకుంటే మర్నాటికి పదిమందికి పట్టుకుంటాయి. టాయిలెట్ల దగ్గర శానిటైజర్ అయిపోకుండా చూసే మనిషిని ఒకర్ని పెట్టుకోండి. చివరి నడకరి దాటాక చెత్త ఏరి, ఆ పార్కు పొద్దున మనకి దొరికినట్టే వదిలి రావాలి. సాయంత్రం ఐదయ్యేసరికి చీకటి పడిపోతుంది కాబట్టి మూసే టైం విషయంలో మొహమాటం ఉండదు. మూసే వేళకి వెనకబడ్డవాళ్ళని వ్యాన్ ఎక్కించాల్సిందే.

ఎండగా ఉంటుంది కదా, అందరికీ నీళ్ళు బాగా తాగమని చెప్పడమే కదా పని?

కాదు, దీన్ని కాస్త శ్రద్ధగా చదవండి. గంటల తరబడి చెమట పడుతూ వట్టి నీళ్ళే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అది నీళ్ళు తక్కువైనంత ప్రమాదం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగిసిపోవడం, తలనొప్పి, వికారం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, మనం జాలిపడి ఇంకో సీసా నీళ్ళిస్తాం, పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

అందుకే బల్ల మీద ఉప్పు చిప్స్, ప్రెట్జెల్స్ ఉంటాయి. నీళ్ళు ఒకసారి, స్పోర్ట్స్ డ్రింక్ ఒకసారి, పక్కన ఉప్పు తిండి ఏదో ఒకటి. మాటల్లో పెట్టి అడగండి: "పొద్దుట్నుంచి ఏం తిన్నారు? ఆఖరిసారి టాయిలెట్‌కి ఎప్పుడు వెళ్ళారు?" సిగ్గుపడొద్దు, వాళ్ళూ పడరు. జవాబు తేడాగా అనిపిస్తే చేయి పట్టుకుని మెడికల్ టెంట్ దాకా మీరే నడిపించుకెళ్ళండి, "అదిగో అక్కడ" అని వేలు చూపించి వదిలేయొద్దు.

కాళ్ళకి బొబ్బలొచ్చినవాళ్ళకి మనం ఏమైనా చేయొచ్చా?

బొబ్బ మీరు చిదమొద్దు, కట్టు కట్టొద్దు. అది మెడికల్ వాళ్ళ పని. మీరు చేయగలిగింది, బొబ్బ రాకముందే ఆపడం. "ఎక్కడైనా మంటగా ఉందా" అని అడగండి, ఉందంటే ఆ నిమిషమే కూర్చోబెట్టండి. తడి సాక్స్ మార్చుకుని, చెప్పులోని ఇసుక దులుపుకుంటేనే సగం నయం. నడిచేవాళ్ళు "ఇంకో స్టాప్ దాకా చూద్దాం" అంటారు. ఆ ఇంకో స్టాప్‌లోనే తోలు ఊడుతుంది.

స్వీప్ వ్యాన్ ఎక్కినవాళ్ళు ఏడుస్తుంటే ఏం మాట్లాడాలి?

నిజంగానే ఏడుస్తారు. నెలల తరబడి సాధన చేసి, తెలిసినవాళ్ళందరి దగ్గరా విరాళాలడిగి, టోరీ పైన్స్ ఎత్తు ఎక్కలేక వ్యాన్‌లో కూర్చోవడం వాళ్ళకి అవమానంలా ఉంటుంది. సముద్రపు ఒడ్డు నుంచి ఆ రోడ్డు అలా పైకి పోతూనే ఉంటుంది, మొదటిరోజు కాళ్ళన్నీ అక్కడే తేలిపోతాయి. అక్కడ ఉపన్యాసాలు పనికిరావు. ముందు నీళ్ళివ్వండి, తుండు ఇవ్వండి. "మీరు ఎవరి కోసం నడుస్తున్నారు?" అని అడగండి. దాదాపు ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పేరు ఉంటుంది. కొందరి చొక్కా వెనక ఆ పేరే రాసి ఉంటుంది. వాళ్ళు చెబుతారు, మీరు వినండి. తర్వాతి స్టాప్ వచ్చేసరికి చాలామంది దిగి మళ్ళీ నడుస్తామంటారు. దిగమని మీరు ఒత్తిడి పెట్టొద్దు, దిగొద్దని కూడా చెప్పొద్దు, మెడికల్ వాళ్ళు వద్దన్నప్పుడు తప్ప.

ఇంకొక్క మాట. "ఇంకెంత, వచ్చేసింది" అని అబద్ధం చెప్పకండి. రెండు మైళ్ళ ముప్పావు ఉంటే రెండు మైళ్ళ ముప్పావు అని చెప్పండి. అలసిన మనిషికి ఖచ్చితమైన దూరం తెలిస్తే మిగిలిన ఓపికని దానికి తగ్గట్టు సర్దుకుంటారు.

రోడ్డు దాటించేటప్పుడు కార్లు ఆపొచ్చా?

ఆపకూడదు. ఈ నడక కోసం రోడ్లు మూయరు. నడిచేవాళ్ళు అందరిలాగే కాలిబాట మీద, సిగ్నల్ ప్రకారం వెళ్ళాలి. రూట్ సేఫ్టీ క్రూ పని నడిచేవాళ్ళని ఆపడం, సిగ్నల్ పడ్డాక పంపడం. చేయి అడ్డం పెట్టి కారు ఆపే అధికారం మనకి లేదు, ఆగుతుందన్న నమ్మకమూ లేదు. పాటలు పెడతారు, డాన్సులు చేస్తారు, గులాబీ రంగు టోపీలు పెడతారు, అవన్నీ బాగుంటాయి, కానీ కళ్ళు మాత్రం ఎప్పుడూ రోడ్డు మీదే ఉండాలి.

శాకాహారులం. మూడు రోజులు తిండి ఎలా?

దొరుకుతుంది. రిజిస్ట్రేషన్‌లో రాయండి. సలాడ్లు, పాస్తా, బ్రెడ్డు, పళ్ళకి కొదవ ఉండదు, కారం మాత్రం మీరు తెచ్చుకోవాలి. నేను కరివేపాకు పొడి, చిన్న సీసాలో ఆవకాయ, మురుకులు పట్టుకెళ్తాను. మా జట్టులో అమెరికన్లు సాయంత్రమయ్యేసరికి మురుకుల కోసం వస్తారు. కానీ ఇంట్లో చేసిన తిండి పిట్ స్టాప్ బల్ల మీద నడిచేవాళ్ళకి పెట్టొద్దు. ఎవరికి ఏ ఎలర్జీ ఉందో మనకి తెలియదు, జీడిపప్పు వేసిన పులిహోర ఒక మనిషి ఊపిరి ఆపేయగలదు. అక్కడ నిర్వాహకులు పంపినవి మాత్రమే.

రాత్రి గుడారంలో పడుకోగలమా? చలి ఎలా ఉంటుంది?

మిషన్ బే ఒడ్డున వరసగా గులాబీ గుడారాలు, వాటి అందం చూసి తీరాలి. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి చలేస్తుంది. చలి కంటే మంచు ఎక్కువ ఇబ్బంది: తెల్లారేసరికి గుడారం లోపలి వైపు నుంచి కూడా చుక్కలు కారుతుంటాయి. పైన కప్పడానికి పెద్ద ప్లాస్టిక్ పట్టా, సామాను పెట్టుకోవడానికి జిప్ ఉన్న పెద్ద కవర్లు తెచ్చుకోండి. రెండు జతల బూట్లు ఉండాలి, ఒకటి తడిస్తే రెండోది. తలకి కట్టుకునే లైటు, చెవుల్లో పెట్టుకునే దూది. వందలమంది నిద్రపోయేచోట గురకలు ఉంటాయి. స్నానాలకి లారీల్లోనే షవర్లు ఏర్పాటు చేస్తారు, వేడినీళ్ళు ఉంటాయి. అసలు గుడారం మా వల్ల కాదనుకునేవాళ్ళు ఇంటికో హోటల్‌కో వెళ్ళి రావచ్చు, పొద్దున్నే టైంకి హాజరవ్వాలి అంతే. క్యాంపులో ఉంటేనే మంచిదని నా ఉద్దేశం. రాత్రి భోజనాల దగ్గర వినే కథలు ఇంటికెళ్ళి వచ్చేవాళ్ళకి దక్కవు.

మన ఆడవాళ్ళు దీని గురించి మాట్లాడటానికే సిగ్గుపడతారు. వీళ్ళని ఎలా తీసుకురావాలి?

సిగ్గు గురించే ఈ జవాబు కొంచెం పెద్దగా రాస్తాను. తెనాలిలో మా పెద్దమ్మకి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. కొడుకు పెళ్ళి పెట్టుకున్నాం, ఈ టైంలో ఎందుకులే అని నెలలు గడిపింది. పక్కనే పడుకునే అక్కకి కూడా చెప్పలేదు. పెళ్ళయ్యాక, చర్మం లోపలికి లాగినట్టయ్యాక, కోడలు చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అప్పటికి చంకలోకి పాకింది. మొదట్లో వచ్చే గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు అనే ఒక్క ముక్క ఆవిడకి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇండియాలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. అమెరికాలో అయితే ప్రతి ఎనిమిదిమంది ఆడవాళ్ళలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని లెక్క. 40 నుంచి 74 ఏళ్ళ మధ్యవాళ్ళు రెండేళ్ళకోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకోవాలని 2024లో ఇక్కడి నిపుణుల సంఘం చెప్పింది, ఇంట్లో ఎవరికైనా ఉండి ఉంటే ఇంకా ముందే డాక్టర్ని అడగాలి. ఇన్సూరెన్స్ ఉన్న మనవాళ్ళకి సాధారణంగా ఆ పరీక్షకి జేబులోంచి ఏమీ పడదు. అయినా వాయిదా వేస్తూనే ఉంటారు.

మీ స్నేహితురాళ్ళని "క్యాన్సర్ అవగాహనకి రా" అని పిలిస్తే రారు. "పిట్ స్టాప్‌లో మనుషులు కావాలి, నాకు తోడు రా" అనండి, వస్తారు. అక్కడ నారింజలు కోస్తుంటే పక్కనావిడ, జుట్టు ఇంకా సరిగ్గా రాని ఆవిడ, తన ఆపరేషన్ గురించి మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెబుతుంది. ఆ సాయంత్రం కారులో మనవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటారు, "నువ్వెప్పుడు చేయించుకున్నావు?" అని. ఈ మాట వినడం కోసమే నేను ప్రతి ఏడూ కొత్తవాళ్ళని వెంట పెట్టుకెళ్తాను.

మగవాళ్ళు రావచ్చా?

తప్పకుండా. భార్య కోసం, తల్లి కోసం నడిచే మగవాళ్ళు, పనిచేసే మగవాళ్ళు చాలామంది ఉంటారు. మగవాళ్ళకీ ఈ క్యాన్సర్ వస్తుంది, అరుదుగానే అయినా వస్తుంది.

పిల్లల్ని తీసుకురావచ్చా?

క్రూకి వయసు పరిమితి ఉంది, ఆ ఏటి నిబంధన చూడండి. చిన్నపిల్లలకి చీరింగ్ స్టేషనే మేలు. అట్టల మీద రాసి పట్టుకోమనండి, తెలుగులో రాసినా పర్వాలేదు. "శభాష్" అని రాసిన అట్ట చూసి దానర్థమేమిటని ఆగి అడిగి మరీ వెళ్తారు.

చివరి రోజు ముగింపు దాకా ఉండాలా? ఆదివారం రాత్రి అలసిపోతాం, సోమవారం ఆఫీసు.

ఉండండి. నడిచినవాళ్ళంతా చేరాక, క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళు కలిసి లోపలికి వస్తారు. అప్పుడు మిగతావాళ్ళంతా ఒక కాలి బూటు విప్పి పైకెత్తి వాళ్ళకి వందనం చేస్తారు. కాళ్ళ నుంచి తీసినదాన్ని పైకెత్తడం మన అలవాటు ప్రకారం వింతగా అనిపించొచ్చు, కానీ ఆ బూట్లు ఎక్కడెక్కడ నడిచి వచ్చాయో మీరు మూడు రోజులు చూసి ఉంటారు. వీలైతే సోమవారం సెలవు పెట్టుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇలాంటిది ఏమైనా చేయొచ్చా?

ఇంత దూరం కాకపోయినా, హైదరాబాద్‌లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ వాళ్ళు అక్టోబర్‌లో కేబీఆర్ పార్క్ దగ్గర పింక్ రిబ్బన్ వాక్ చేస్తుంటారు. 2007లో డాక్టర్ రఘురామ్ గారు క్యాన్సర్‌ను ఎదుర్కొన్న తన తల్లి పేరు మీద పెట్టిన సంస్థ అది. హైదరాబాద్‌లో ఉన్న మీ అక్కచెల్లెళ్ళకి చెప్పండి.

పేరు ఇచ్చాక రాలేకపోతే?

జరుగుతుంది, ఎవరూ తప్పుపట్టరు. జ్వరం, దగ్గు ఉంటే అసలు రావద్దు కూడా, ఎందుకంటే నడిచేవాళ్ళలో కీమో ఈమధ్యే అయినవాళ్ళు ఉంటారు, మామూలు జలుబు కూడా వాళ్ళని ఆసుపత్రి పాలు చేస్తుంది. రాలేమని తెలిసిన వెంటనే కెప్టెన్‌కి ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టి చూస్తారులే అని ఊరుకోవద్దు. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా మీ బదులు రాగలరేమో అడిగి ఆ పేరు కూడా చెబితే ఇంకా మంచిది, కాకపోతే వాళ్ళు కూడా రిజిస్టర్ అయి శిక్షణకి రావాలి కాబట్టి గురువారం లోపే చెప్పండి.